కాలు తగిలిన పుస్తకం

అశోక్‌నగర్ హాస్టల్ నుంచి చిక్కడపల్లి లైబ్రరీకి పది నిమిషాల నడక. ఎస్సై పరీక్షకు చదువుతున్న ఇరవై నాలుగేళ్ల శశాంక్‌కు ఇప్పుడు అరగంట పడుతోంది. వంద అడుగులకే పిక్క పట్టేస్తుంది. నొప్పి ఎవరికీ తెలియకుండా ఏదో ఒక తోపుడుబండి దగ్గర నిలబడి చేతిలోని పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తాడు. తగ్గాక కదులుతాడు.

జామకాయల బండి బాలనాగమ్మ కనిపెట్టింది. "రోజు ఆగుతవ్, ఒక్క కాయ కొనవు. గిట్ల నడిస్తే దొంగనే నిన్ను పట్టుకుంటడు బిడ్డా."

నవ్వాడు. సాక్సులో బొటనవేలు అప్పటికే నల్లబడింది.

నారాయణగూడలో డాక్టర్ ఫణీంద్ర ఆ వేలూ స్కానూ చూశాడు. "షుగర్ లేదు. కాలి రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. ఈ వయసులో ఊరికే రాదు. ఏం తాగుతున్నావు?"

"ఏం లేద్ సార్."

అబద్ధం. రెండేళ్లుగా రోజూ గంజాయి. నిజం చెబితే చీటీ మీద రాస్తారు, చీటీ పోలీసు వెరిఫికేషన్‌కు పోతుంది, ఉద్యోగం రాకుండా పోతుంది. ఈ వీధుల్లో ప్రతి కుర్రాడికీ ఈ భయం కంఠతా వచ్చు. కాలు పోతుందని మాత్రం ఏ కోచింగ్‌లోనూ చెప్పరు. కుర్రాళ్లు గంజాయి తాగుతారని ఫీజు తీసుకునేవాడికి తెలుసు, కిరాయి తీసుకునేవాడికి తెలుసు. అందరికీ ముక్కులున్నాయి, ఒక్కడికీ నోరు లేదు.

"నేను పోలీసును కాదు బాబూ. నువ్వు దాస్తే నేను తప్పుడు మందు ఇస్తాను. కాలు నీది."

"గంజాయి సార్. సిగరెట్ల కలుపుకొని."

"ఆ రెండూ కలిసి నాళాలను పాడుచేస్తున్నాయి. వేలు దక్కదు. ఈరోజే మానేస్తే కాలు దక్కవచ్చు."

గదికి వచ్చేసరికి సృజన్ అర్థశాస్త్రం పుస్తకం మీద గంజాయి నలుపుతున్నాడు. అలవాటు చేసిన స్నేహితుడు వాడే.

"జర కూసో. ఆకే కదరా, దిమాగ్ మంచిగ నిలుస్తది."

శశాంక్ సాక్సు తీసి, ఆ పుస్తకం మీద కాలు పెట్టాడు.

"అరే, పుస్తకంరా. కాలు తీయ్."

"గంజాయి పెట్టచ్చు, కాలు పెట్టొద్దా? చూడు. ఎల్లుండి ఈ వేలు కోస్తరు. నీ ఆకే తిన్నది."

సృజన్ చూశాడు. పొట్లం జేబులో వేసుకొని, పుస్తకం లాక్కొని కళ్లకద్దుకున్నాడు.

శశాంక్ వాడి జేబులోంచి పొట్లం లాగాడు. కుంటుకుంటూ బాత్రూంలోకి పోయి, గంజాయిని తూములో విదిలించి బకెట్ నీళ్లు గుమ్మరించాడు. తలుపు అవతల సృజన్ తిడుతూనే ఉన్నాడు.