చివరి వాడకం

అయినా తల్లీబిడ్డల వార్డు జోలికి మాత్రం ఎందుకు పోవడం లేదది, మిగతా వార్డులన్నిటికీ పట్టిన తెగులు ఆ ఒక్క గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోతోంది, అని అనుకుంటూ ఉండగానే ఆఫీసు లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, ఎక్కాలో దిగాలో ఒక్క క్షణం ఆమెకే తెలియలేదు, ఎదురుగా ఉన్నవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు కాబట్టి దిగాలన్నమాట, దిగింది, చేతిలో కాఫీ కప్పు ఉంది, తాగేసిందా ఇంకా తాగాలా, మూత తీసి చూస్తే సగం ఉంది, చల్లారిపోయింది, ఉదయం నుంచీ ఇదే వరస, ఏది పట్టుకున్నా సగంలోనే వదిలేస్తోంది, ఆసుపత్రిలో యంత్రం అచ్చువేస్తున్న ఆ చీటీల్లాగే, వార్డు పేరు కిడ్నీ అని మొదలై గాయాలు అని ముగిసే చీటీలు, అలాంటివాటిని చూస్తే ఎవరైనా నవ్వి చింపి పారేస్తారు, భయపెట్టినవి అవి కావు, ఏ అతుకూ కనబడకుండా నిక్షేపంలా అచ్చయిన ఒకే ఒక్క చీటీ, ఎముకల వార్డుకి పోవాల్సిన రక్తం సంచిని గుండె వార్డుకి పంపించిన చీటీ, యంత్రం లెక్కలో ఆ రెండు పేర్ల పొడవూ ఒక్కటే కావడంతో ఒకదాని చోట ఇంకొకటి చక్కగా అమరిపోయింది, అక్కడి నర్సు ఎందుకో అనుమానం వచ్చి రోగి చేతికి కట్టిన పట్టీతో సరిచూసుకుంది కాబట్టి సరిపోయింది, చూసుకోకపోయి ఉంటే, వద్దు, అటువైపు ఆలోచన పోనివ్వకూడదు, పోనిస్తే చేతులు ఆడవు.

ఆసుపత్రివాళ్ళు ఇప్పుడు చీటీలన్నీ చేత్తో రాసుకుంటున్నారట, సాయంత్రానికి బాగుచేసి ఇస్తామని మేనేజరు మాటిచ్చేశాడు, మాటిచ్చేవాడిదేం పోయింది, చీటీ మీది సమాచారమంతా ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులోంచి వస్తుంది, ప్రతి మాటకీ ముందొక ట్యాగు వెనకొక ట్యాగు, గిన్నెకి అడుగూ మూతాలాగా, ఆ మూతలు ఒక్కొక్కటే తీసి లోపలున్న మాటను బయటికి అందించే పార్సర్ లైబ్రరీ ఆమెది, ఆ లైబ్రరీ ఏ భాషలో ఉందో ఆ భాష కంపైలర్, అంటే మనుషులు రాసిన ప్రోగ్రాముని యంత్రం నడిపించగలిగేలా మార్చిపెట్టేది, అది పిట్టది, పిట్టంటే ఆమె ఆడపడుచు, ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, ఈవిడ ఆఫీసులో కూడా అర్ధమొగుడేనని తనే నవ్వుతూ చెప్పుకునేది, అసలు ఈ సంబంధం కుదిర్చిందే పిట్ట, అప్పట్లో పక్క బల్ల దగ్గర కూర్చునేది, ఒకరోజు ఉన్నట్టుండి మా అన్నయ్యని చేసుకోరాదూ, కంపైలర్ అంత విసిగించడులే, అంది, విసిగిస్తాడు, నిన్న కూడా విసిగించాడు, పిట్టని ఏమీ అనకు, ఏదైనా ఉంటే నువ్వే సర్దుకో, ఇప్పుడిప్పుడే మనిషవుతోంది, అని గుమ్మం దాకా వెంటపడి మరీ చెప్పాడు, తను ఏమైనా అంటుందా, ఎప్పుడైనా అందా.

కుర్చీలో కూర్చుంది, తెర మీద అదే ఫైలు, ఇందాక ఆపిన చోటే, ఈ తెగులులోని చోద్యమేమిటంటే చూస్తే కనబడదు, వార్డు పేరు ఎక్కడ చెడిపోతోందో పట్టుకుందామని మధ్యలో ఒక వరుస రాస్తే, ఇదిగో ఇక్కడ పేరేమిటో అచ్చువేసి చూపించు అని, అంతే, అన్ని పేర్లూ బుద్ధిగా వరుసలో నిలబడతాయి, ఆ వరుస తీసేస్తే మళ్ళీ కలగాపులగం, పంతులు వంక పిల్లలు చూసినట్టు, లేదు, పిల్లల వంక పంతులు, ఏదో ఒకటి, పోలికలు కూడా తిన్నగా రావడం లేదు, పిట్టకి కూడా ఆ మధ్య మాటలు ఇలాగే తడబడేవి, ఆపరేషనయి ఇంటికొచ్చిన కొత్తలో భోజనాల దగ్గర గ్లాసు అనబోయి కుర్చీ ఇటివ్వు అంది, అత్తగారు తల వంచుకుని కంచం వంక చూస్తూ ఉండిపోయింది, తను గబగబా నీళ్ళగ్లాసు అందించి ఏదో జోకు వేసింది, పిట్ట నవ్వలేదు, తలకి చుట్టుకున్న గుడ్డ సవరించుకుంది, తలలో గడ్డ తీసేశారు, మంచి గడ్డేనన్నారు, గడ్డల్లో మంచివేమిటో చెడ్డవేమిటో, తీసేటప్పుడు దాంతోపాటు ఇంకేమైనా, ఛ.

ఆ మెలిక గుర్తు, అవును, తల్లీబిడ్డల వార్డుకి ఫైలులో పేరు వేరేలా ఉంటుంది, తల్లికీ బిడ్డకీ మధ్య ఇంగ్లీషులో అండ్ అనడానికి వాడే ఆ మెలిక గుర్తు పెడతారు, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఆ గుర్తుని ఉన్నదున్నట్టు రాయనివ్వరు, దానికో మారుపేరుంది, పార్సర్ ఆ మారుపేరు తీసి అసలు గుర్తు పెట్టాలంటే వార్డు పేరంతా ఇంకో చోట కొత్తగా రాసుకోవాలి, మిగతా వార్డులకి ఆ బాధ లేదు, వాటిని తిరగరాయకుండా ఫైలు చదివిన చోటే ఉంచి, పేరు ఇదిగో ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అని వేలుపెట్టి చూపించి ఊరుకుంటుంది, వేగం కోసం అలా చేసింది, అందులో తప్పేం లేదు, ఆ చోటు అలాగే ఉన్నంతవరకూ తప్పేం లేదు, కానీ వేలు చూపించిన చోటుని ఈలోగా ఎవరో ఖాళీచేసి తర్వాతి రోగి వివరాలు తెచ్చి పడేస్తే, అప్పుడు వేలు అక్కడే ఉంటుంది, పేరే మారిపోతుంది, ఎవరు ఖాళీ చేస్తున్నారు, ఖాళీ చేసే పని లైబ్రరీది కాదు, ఆ పని చేసేది ఈ మొత్తంలో ఒక్కటే, కంపైలర్‌లో చివరి వాడకం అనే భాగం, ప్రోగ్రాములో ఒక వస్తువుని ఆఖరిసారి ఎక్కడ వాడారో ముందే కనిపెట్టి, ఇంక దీంతో పనిలేదు అనుకున్న మరుక్షణం దాని చోటు ఇంకోదానికి ఇచ్చేస్తుంది, మధ్యలో అచ్చువేయమని అడిగితే అది ఇంకో వాడకం కింద లెక్క కాబట్టి ఆగుతుంది, అందుకే చూస్తే కనబడటం లేదు, మొన్నమొన్నటిదాకా ఫైలు చిన్నది, ఒక్క గుక్కలో చదివేసేది, చోటు ఖాళీచేసే అవసరమే పడలేదు, ఈమధ్యే కొత్త వార్డులు కలిశాయి, ఆ భాగాన్ని ఆపేసి ప్రోగ్రాముని మళ్ళీ కంపైల్ చేసింది, నడిపించింది, ఒక్క చీటీ కూడా చెడలేదు, ఇంకోసారి నడిపించింది, మళ్ళీ చెడలేదు, ఎంత వెతికినా దొరకనిది దొరికింది, సంతోషించాలి కదా.

ఆ భాగం పిట్టది, పనిలోకి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ దాన్నే సవరిస్తూ కూర్చుంది, ఉదయం మీటింగులో మేనేజరు గొంతు తగ్గించి, ఈమధ్య కొత్తగా మార్చినవేమైనా ఉంటే ఒకసారి చూసుకోండి అన్నాడు, ఎవరూ పిట్ట వంక చూడలేదు, చూసినా బాగుండేది, అందరూ పనిగట్టుకుని కిటికీ వంకా గోడ వంకా చూశారు, పిట్ట ఒక్కతే అందరి మొహాలూ చూస్తూ కూర్చుంది, ఇప్పుడు ఈ సంగతి బయటపడితే వాళ్ళు అనుకుంటున్నదే నిజమవుతుంది, పాపం తల దెబ్బతింది, మునుపటి మనిషి కాదు, చిన్నచిన్న పనులు ఇద్దాం, అని మొదలుపెడతారు, ఆ చిన్నచిన్న పనులతో పిట్ట బతకదు, పిట్టకి కంపైలర్ అంటే, ఏమని చెప్పాలి, పెళ్ళి వద్దనుకున్నప్పుడు అత్తగారు గోల చేస్తే, నాకు అది చాలమ్మా అంది, అంతే, కాబట్టి లైబ్రరీలోనే మార్చేస్తే పోతుంది, వేలు చూపించడం మానేసి అన్ని పేర్లూ తిరగరాసుకోమంటే సరి, కాస్త నెమ్మదిస్తుంది, ఎవరడుగుతారు, పార్సర్‌లో పొరపాటు సరిచేశాం అని మార్పుల చిట్టాలో ఒక్క వాక్యం రాస్తే చాలు, మాట తనకి వస్తుంది, వస్తే రానీ, తను తట్టుకోగలదు, కానీ చివరి వాడకం అలాగే ఉండిపోతుంది కదా, ఇదే కంపైలర్ మీద ఇంకెవరివో లైబ్రరీలున్నాయి, వాళ్ళెవరో వాళ్ళ ఫైళ్ళలో ఏ చీటీలున్నాయో, తర్వాత చూసుకోవచ్చు, నెమ్మదిగా పిట్టకి తెలియకుండా తనే అది కూడా, ఎలా, అందులో ఒక్క వరుస కూడా తనకి సరిగ్గా అర్థం కాదు, అయినా చేతులు రాసేస్తున్నాయి, పార్సర్‌లో పొరపాటు అని, పొరపాటు అన్న మాటలో ర ఒకటి ఎక్కువ పడింది, కొట్టేసింది.

ఏంటి వదినా, అన్న మాట వీపు వెనక వినబడేసరికి తెర మూసేద్దామనుకుంది, చెయ్యి కాఫీ కప్పు మీదికి పోయింది, పిట్ట అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుంది, జుట్టు బాగానే పెరిగింది, చెవుల దాకా వచ్చింది, ఒక పక్కన మాత్రం ఇంకా పొట్టి, ఏమీ లేదు, అయిపోవచ్చింది, నాదే, పార్సర్‌లో, అని ఏదో అంటోంది తను, పిట్ట వినడం లేదు, చదువుతోంది, పెదాలు కదుపుతూ చదవడం దానికి చిన్నప్పటి అలవాటట, తిరగరాసుకోవడం అన్నిటికీ ఎందుకు పెట్టావు అంది, జాగ్రత్త కోసమని చెప్పింది, ఏం జాగ్రత్త అంది పిట్ట, ఊరికే అంది తను, పిట్ట చెయ్యి చాపి తెర మీద వేరే విండోలో ఉన్న పరీక్ష పైకి తెచ్చింది, చివరి వాడకం ఆపేసి నడిపించిన పరీక్ష, ఒక్క తప్పూ లేని పరీక్ష, దాన్ని మూసేయడం మర్చిపోయింది తను, పిట్ట దాన్ని చాలాసేపు చూసింది, ఆ సేపంతా ఆమె, ఇప్పుడేడిస్తే ఏం చేయాలి, ఆయనకి ఫోను చేయాలా, నీళ్ళు తేవాలా, పక్క బల్లవాళ్ళు చూస్తున్నారా, అనుకుంటూనే ఉంది.

ఇది నాది కదా వదినా, అంది పిట్ట.

నీది నాదీ అని ఏముంది, అలసిపోయి ఉన్నావు, కొత్తగా వచ్చావు, ఎవరికైనా జరుగుతుంది, అని ఆ మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నాలుక మీదే చెడిపోయాయి, పిట్ట మధ్యలో ఆపి, ఎప్పుడు రాశానో చూశావా అని అడిగింది, చాలా మామూలుగా, టైమెంతయింది అని అడిగినట్టు, ఎప్పుడేమిటి, ఈమధ్యే కదా, తిరిగొచ్చాక సవరించావు కదా, అనబోయి ఆగింది, పిట్ట తనే మీట నొక్కింది, ఆ భాగంలో ఏ వరుస ఎప్పుడు ఎవరు రాశారో పక్కన వరసగా వచ్చింది, కొత్తగా మార్చినవన్నీ ఎక్కడో కింద ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు, ఒక వస్తువులోని ముక్కని ప్రోగ్రాములోని వేరే ఫంక్షన్ చేతికిచ్చినప్పుడు ఆ వస్తువు ఇంకా వాడకంలోనే ఉందని లెక్కేసుకోవాల్సిన వరుస, లెక్కేసుకోకుండా దాటేసిన వరుస, పాతది, గడ్డ లేదు, తలనొప్పులు లేవు, అప్పటికి తనకింకా పెళ్ళి కూడా కాలేదు, పిట్ట పక్క బల్ల దగ్గర కూర్చుని నవ్వుతూ తుళ్ళుతూ రాసినది, అప్పట్లో దీన్ని చూసి అందరూ చప్పట్లు కొట్టారు, తను కూడా కొట్టింది.

నా బుర్ర బంగారంలా ఉన్నప్పుడు చేసిన తప్పు వదినా ఇది, అని పిట్ట నవ్వింది, నిజంగానే నవ్వింది, భుజాలు కదిలేలా, ఆపరేషనయ్యాక పిట్ట నోట విన్న మొదటి నవ్వు ఇదేనేమో, తర్వాత నవ్వు ఆగింది, ఆగాక తన మొహంలోకి చూసింది, ఉదయం మీటింగులో అందరి మొహాలూ చూసినట్టే, నువ్వు రాసిన ఆ వాక్యం తీసెయ్, నా పేరు పెట్టి రాయి, సాయంత్రానికి దాన్ని నేను బాగుచేస్తాను, నీది నువ్వు కదపకు, అంది, కుర్చీ ఎక్కణ్ణుంచి లాగిందో అక్కడే తిరిగి పెట్టి వెళ్ళింది, కోపంగా వెళ్ళలేదు, కోపంగా వెళ్ళినా తేలికగా ఉండేది, అటు చివర తన బల్ల దగ్గర కూర్చుని అప్పుడే మొదలుపెట్టేసింది, ముందుకి వంగి, పెదాలు కదుపుతూ.

తీసేసింది, చివరి వాడకంలో పొరపాటు అని రాసింది, పక్కన పిట్ట అసలు పేరు రాసింది, ఇంట్లో ఎవరూ పిలవని పేరు, రాస్తుంటే కొత్తగా ఉంది, ఎందుకు చూడలేదు, ఒక్క మీట, ఎవరి ప్రోగ్రాములో ఏ తప్పు దొరికినా తను మొట్టమొదట చేసే పని అదే, ఎప్పటిదో చూడటం, కొత్తగా చేరినవాళ్ళకి అదే నేర్పుతుంది, చూడనిదే ఎవరినీ అనకండి అని, చీటీని నమ్మదు, పరీక్షని నమ్మదు, ఒకసారి సరిగ్గా వచ్చిందాన్ని ఇంకోసారి నడిపించనిదే నమ్మదు, ఇవాళ పిట్ట విషయంలో మాత్రం చూడాలని కూడా తోచలేదు, ఎందుకు తోచలేదు, తొందర, కాదు, భయం, భయం కూడా కాదు, జవాబు ముందే తెలుసనుకున్న ప్రశ్న ఎవరూ వేసుకోరు, గ్లాసు అందించినప్పుడు వేసిన జోకు, గోడ వంక చూసిన వాళ్ళలో తను కూడా ఉంది కదా, అవును, ఉంది, తనూ గోడ వంకే చూసింది, ఆయన దాన్ని ఏమీ అనకు అన్నప్పుడల్లా విసుక్కుంది కానీ ఎందుకనకూడదు అని ఒక్కసారి కూడా అడగలేదు, వచ్చిన చుట్టాలకీ, ఫోను చేసినవాళ్ళకీ, కళ్ళొత్తుకునే అత్తగారికీ, పిట్టకి పూర్తిగా బాగైపోయింది, ఇంక బెంగేమీ లేదు, అని అందరికంటే గట్టిగా చెబుతూ వచ్చింది తనే, ఆ మాటని ఒక్కరోజు కూడా నమ్మనిది తనే.