లోపల వదిలిన గుడ్డ

నేను ఒక కత్తెరను. మీ వంటింట్లో పాల ప్యాకెట్లు కోసే రకం కాదు, దర్జీ కత్తెరను. పుట్టుక మాత్రం గొప్పదేం కాదు. నంద్యాలలో ఒక కమ్మరి పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. మనుషులు నోరు తెరిచి కోస్తారు, నేను మూసి కోస్తాను. మా మధ్య తేడా అంతే.

నన్ను కొన్న ఓబులేసుకు ఒక చాదస్తం ఉండేది. పిల్లల బట్టలు కత్తిరిస్తే కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలేవాడు. పిల్ల పెరిగాక విప్పి వదులు చేయొచ్చని. పైకి కనిపించని గుడ్డకు ఇంత పట్టింపేమిటని విసుక్కునేదాన్ని.

చూపు మసకబారాక ఆయన గుండీలు కుట్టడానికి కూర్చుని, నన్ను కూతురు సుంకమ్మకు ఇచ్చాడు. ఆమె చెయ్యి మహా వడి. బడి యూనిఫారాలు మొత్తం కుట్టే పని పట్టుకొచ్చి, కుట్టు పక్కనే కత్తిరించడం మొదలుపెట్టింది.

"ఇట్ల కోస్తే తానుకు రెండు చొక్కాలు ఎక్కువొస్తాయి నాయనా."

"పిల్లోళ్లు పెరిగేది మానుకుంటారామ్మా?" అన్నాడు ఓబులేసు, సూది బెజ్జం తడుముకుంటూ. ఆమె నవ్వేసింది. నిజం చెప్పొద్దూ, ఆ వేగం నాకూ నచ్చింది.

దసరా సెలవులు అయిపోగానే, పత్తి చేలల్లో కూలికి పోయే లింగమ్మ తన కూతురు నాగవేణిని లాక్కొచ్చింది. "చొక్కా పట్టేసిందని బడికి పోనంటాది. పక్కలు ఇప్పి వదులు చెయ్యి సుంకమ్మక్కా."

సుంకమ్మ కుట్టు విప్పింది. లోపల నాలుగు పోగులు తప్ప ఏమీ లేదు.

"మీ నాయన కుట్టిన జాకెట్టు మూడేండ్లు ఇప్పుకుంటా తొడిగితిమే" అంది లింగమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "కొత్తది యాడ తెచ్చేది? ఇంగ నాతో పాటు చేనికొస్తాదిలే."

నాగవేణి తల దించుకుంది. ఓబులేసు గుండీ కుడుతూనే ఉన్నాడు.

వారంలోగా బడికి అందించాల్సిన చొక్కాల గుడ్డంతా సుద్ద గీతలతో బల్ల మీద సిద్ధంగా ఉంది. సుంకమ్మ ఆ గీతలన్నీ అరచేత్తో దులిపేసింది. రెండు వేళ్లు వదిలి మళ్లీ గీసింది. మొదటి చొక్కా నాగవేణి కొలతకు కత్తిరించింది.

"రేపు తీసకపో. తప్పు నాది, డబ్బులొద్దు. పిల్లను బడికి పంపు."

తానుకు రెండు చొక్కాలు తగ్గి, గుడ్డ చాలక గడువు తప్పింది. హెడ్మాస్టరు చీవాట్లు పెట్టాడు, మరుసటి ఏడు ఆ పని ఇంకొకరికి పోయింది. సుంకమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది. గీత మాత్రం మళ్లీ దగ్గరికి జరపలేదు.

ఇప్పుడు నా పదును పోయింది, కాగితాలు కోసుకుంటున్నాను. మొన్న నాగవేణి వచ్చింది. పదో తరగతి పాసై కాలేజీలో చేరిందట. ఆ చొక్కానే తెచ్చి, చెల్లెలికి వదులు చేయమంది. పైనంతా వెలిసిపోయింది. సుంకమ్మ ఆఖరి కుట్టు విప్పితే లోపలి గుడ్డ కోసిన నాటి నీలం రంగుతోనే ఉంది.

బొత్తిగా చూపు లేని ఓబులేసు చెయ్యి చాపాడు. "ఇంగా ఉందామ్మా గుడ్డ?"

"ఉంది నాయనా. ఇంగో పిల్లకు సరిపోతాది."