గొంతు కేసు

సన్యాసమ్మ ఆసుపత్రి వరండాలో నడుస్తూ నడుస్తూ ఉండగానే అది సముద్రపు ఒడ్డు అయిపోతుంది, బెంచీల కాళ్లు తడి ఇసుకలో కూరుకుపోతుంటాయి, పోయినేడు జ్వరంతో చనిపోయిన అప్పలనర్సమ్మ చేపల తట్ట దించుకుని ఓ బెంచీ మీద కూర్చుని సన్యాసమ్మను పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు ఒడ్డంతా వినిపిస్తుంది. సన్యాసమ్మ అలాగే నిలబడిపోతుంది. మెడకి ఆపరేషన్ అయ్యాక అప్పలనర్సమ్మకి మిగిలింది గుసగుస ఒక్కటే. వీధి వీధినా కేకేసి చేపలమ్మిన మనిషి, చివరికి గిన్నె మీద గరిటె కొట్టుకుంటూ తిరిగింది.

"నీ గొంతు వచ్చేసిందేటప్పా?"

"ఇక్కడ అందరికీ వచ్చేస్తాదిలే. కేసు ఏటయింది, అది సెప్పు."

ఆ కేసు మొదలుపెట్టింది అప్పలనర్సమ్మే. మెడలో గడ్డ తీసేటప్పుడు మాట పలికించే నరం ఎక్కడుందో ముందు వెతికి, దాన్ని తప్పించి కోయాలనీ, ఆ ఆసుపత్రిలో మాత్రం అంతటా ఎప్పుడో మానేసిన పాత పద్ధతిలోనే కోసేస్తున్నారనీ మరో డాక్టరు చెప్పగానే, తనలాగే మాట పోయిన సన్యాసమ్మలాంటి ఆడవాళ్లను ఊరూరా తిరిగి వెతికి, అందరినీ కలిపి వినియోగదారుల కమిషన్‌కి తీసుకెళ్లింది.

"ఇయాలే వాయిదా," అంటుంది సన్యాసమ్మ. "నువ్వు పోయావు కదాని నీ పేరు కొట్టేయమన్నాడప్పా ఆసుపత్రోళ్ల లాయరు. మేం ఒప్పలేదు. నీ జాగాలో నీ కూతురు మంగ నిలబడతాది."

అప్పలనర్సమ్మ ముఖం విప్పారుతుంది. తట్టలో ఇప్పుడు చేపలు లేవు, చిన్న చిన్న అలలు కదులుతున్నాయి, అది ఇద్దరికీ వింతగా తోచదు.

"మరి సాచ్చెం ఎవులు సెప్తారే?"

"నన్నే సెప్పమన్నారు. ఈ జీర గొంతుతో నానేటి సెప్తాను? అంత పెద్ద గదిలో ఎవులికి ఇనిపిస్తాది?"

"ఒలే సన్నేసీ, నువ్వు అరవక్కర్లేదు. ఇనాల్సినోళ్లే చెవొగ్గుతారు. మద్దెలో ఆపీకు, అంతే. మంగ పక్కనే ఉండు."

"ఉంటానప్పా," అంటుంది సన్యాసమ్మ, అనగానే తన గుండెల్లో బెదురు లేదని తెలుస్తుంది, ఒడ్డు మెల్లగా ఊగడం మొదలవుతుంది.

కుదుపుకి మెలకువ వచ్చింది. బస్సు కమిషన్ ఆఫీసు వీధి దాటిపోబోతోంది. పక్కన మంగ, వెనక సీట్లలో మెడకి కొంగు చుట్టుకున్న ఆడవాళ్లు, అందరూ కునుకు తీస్తున్నారు. సన్యాసమ్మ లేచి, కమ్మీ పట్టుకుని, ఉన్న ఆ జీర గొంతుతోనే అంది:

"ఆపండి బాబూ, మేమందరం ఇక్కడే దిగాల."

అంత ఇంజను మోతలోనూ డ్రైవరు ఒక్కసారికే తల తిప్పి చూసి, బస్సు ఆపాడు.