చుట్టాల కోసం ఒక హాలు

గుణదలలో ఒక అద్దె పోర్షను. డేనియల్ కుటుంబం రాత్రి భోజనానికి కూర్చోబోతోంది. వినడానికి ఇది చిన్న పనిలాగే ఉంటుంది. కానీ ఆ ఇంట్లో భోజనానికి కూర్చోవాలంటే ముందు జెస్సికా ఇంటర్ పుస్తకాలు నేల మీద నుంచి మంచం ఎక్కాలి. పుస్తకాలు మంచం ఎక్కాలంటే మంచం మీదున్న జాకెట్ ముక్కలు కుట్టుమిషను మీదికి చేరాలి. ముక్కలు మిషను మీదికి చేరాలంటే లూర్దుమేరీ కుట్టడం ఆపాలి. ఇక ఫ్రిజ్ తలుపు తెరుచుకోవాలంటే డేనియల్ కంచం పట్టుకుని లేచి నిలబడాలి. అందుకని ఆ ఇంట్లో పెరుగు అడిగినవాళ్ళని మిగతా ఇద్దరూ కోపంగా చూస్తారు.

"ఇంకెన్నాళ్ళులే, హాలు రానివ్వండి" అన్నాడు డేనియల్, కూతురు పెరుగు తీసుకునేదాకా నిలబడి.

ఆయన 'ఇల్లు రానివ్వండి' అనలేదు, పాఠకులు గమనించాలి. అరవై గజాల స్థలం కొన్నప్పటి నుంచీ ఆయన నోట ఇల్లు అనే మాట రావడమే మానేసింది. ఎక్కడ చూసినా హాలే.

డేనియల్ మంచివాడు. సిటీ బస్సులో కండక్టరు. నిలబడ్డవాళ్ళని కాస్త సర్దించి, ఇంకో నలుగురికి చోటు చూపించడం ఆయనకి వృత్తిధర్మం. చుట్టాలంటే ప్రాణం పెడతాడు. గుణదలలో కాపురముండే క్రైస్తవుల ఇళ్ళకి చుట్టాలకేం కొదవ? ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలు వచ్చాయంటే మైలవరం నుంచీ చల్లపల్లి నుంచీ, మధ్యలో ఉన్న ఊళ్ళ నుంచీ బంధువులు సంచులతో దిగిపోతారు. కొండెక్కి మాతని చూసుకుంటారు, మూడు రోజులు ఉంటారు, వెళ్ళిపోతారు. కొండ దగ్గర ఇల్లున్నవాడికి ఆ మూడు రోజులూ పరీక్షే.

పోయిన ఉత్సవాల్లో ఆ పరీక్షలో డేనియల్ తప్పాడు. వచ్చినవాళ్ళకి చోటు చాలలేదు. మైలవరం నుంచి వచ్చిన మేనత్త దానమ్మని, డెబ్బై దాటిన మనిషిని, పక్కింటివాళ్ళ స్కూటర్ల షెడ్డులో పడుకోబెట్టాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. హాయిగా గురకపెట్టి నిద్రపోయింది. కానీ చల్లపల్లి బావ ఊరుకోలేదు. "మా డేనియల్ ఇంట్లో నిలబడి తినాలి, నిలబడే పడుకోవాలి, బస్సులో ఉన్నట్టే ఉంటుంది" అని ఒక పెళ్ళిలో నలుగురి ముందూ అని నవ్వించాడు. డేనియల్ కూడా నవ్వాడు. నవ్వి, ఇంటికొచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ రోజే నిశ్చయించుకున్నాడు, కడితే పాతికమంది వరసగా పడుకునే హాలు కట్టాలని.

ఇంజనీరు పవన్‌కుమార్ కుర్రవాడు. చిన్న స్థలాల్లో ముచ్చటైన ఇళ్ళు గీస్తాడని పేరుంది. వచ్చి ముగ్గురినీ ఎవరేం చేస్తారో అడిగాడు. "మిషను పక్కన ఒక కిటికీ వస్తే చాలు బాబూ" అంది లూర్దుమేరీ. అంతకుమించి ఏమీ అడగలేదు. ఆవిడ ఆ గుమ్మం పక్క చీకట్లో పన్నెండేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. నల్లగుడ్డ మీద నల్లదారం వేయాలంటే వీధిలోకి వెళ్ళి వెలుగులో చూసుకుని, మళ్ళీ లోపలికి వచ్చి కుడుతుంది. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చినప్పుడల్లా వెలుతురులో కుట్టుకోమని చెబుతాడు. వెలుతురుకి మందుల చీటీ రాయడు గదా అని ఆవిడ నవ్వేసేది.

పవన్‌కుమార్ గీసిన ప్లానులో మిషనుకి తూర్పు కిటికీ వచ్చింది. జెస్సికాకి తలుపున్న చిన్న గది వచ్చింది, అందులో పగలు గోడలోకి మడిచేసే మంచం, గోడకి వాలే బల్ల. మెట్ల కింద సొరుగులు. ముందు చిన్న హాలు. ఫ్రిజ్ తలుపు తీస్తే ఎవరూ లేవనక్కర్లేదు.

డేనియల్ ఆ ప్లాను చూసి, "బ్రహ్మాండంగా ఉంది బాబూ" అని, జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. ముందు జెస్సికా గది గోడ పోయింది. ఆ తర్వాత మిషను మూల హాల్లో కలిసింది. వంటిల్లు రెండడుగులు వెనక్కి తగ్గింది. కిటికీ ఉన్న చోట సోఫా వచ్చింది.

"మరి పాప?" అన్నాడు పవన్‌కుమార్.

"హాల్లో సోఫా ఉందిగా, రాత్రికి అదే మంచం అవుతుంది."

"మేడంగారి మిషను?"

"మెట్ల కింద చోటుందన్నావుగా."

"సార్, అవి సొరుగులకండి. మంచాన్ని మడవచ్చు గానీ మనుషుల్ని మడవలేం."

"సర్దుకుంటే అందరూ పడతారయ్యా, మా బస్సులో చూడలేదా" అన్నాడు డేనియల్.

లూర్దుమేరీ ఆ ఎర్రగీతల వంక కాసేపు చూసింది. "మీ ఇష్టమండి" అని లోపలికి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. మన ఇళ్ళలో ఈ 'మీ ఇష్టం' అనే మాటని మగవాళ్ళు ఒప్పుకోలు కింద జమకడతారు. అది ఒప్పుకోలు కాదు, అలసట. డేనియల్‌కి ఆ తేడా తెలియలేదు.

పునాదికి ముగ్గు పోసే రోజు వచ్చింది. గదులు ఎక్కడెక్కడ వస్తాయో తాడు కట్టి, నేల మీద తెల్లటి ముగ్గుతో గీసి, ఆ గీతల వెంబడి తవ్వుతారు. ఒకసారి తవ్వకం మొదలైతే ఇక గోడలు జరగవు. మేస్త్రి ఆమోసు పొద్దున్నే వచ్చి ఎర్రపెన్ను ప్లాను ప్రకారం గీతలు పోశాడు. పెద్దావిడ చేతులమీదుగా మొదటి గడ్డపార వేయించడానికి డేనియల్ మైలవరం నుంచి మేనత్తని ప్రత్యేకంగా పిలిపించాడు. స్కూటర్ల షెడ్డు బాకీ అలా తీర్చుకుందామని ఆయన ఉద్దేశం.

దానమ్మ ఆటో దిగి, స్థలం ముందు నిలబడి, ప్రార్థన చేసుకుంది. ఆ పైన చుట్టూ చూసింది.

"గుమ్మం ఏదిరా?"

డేనియల్ చూపించాడు. ముగ్గుగీతలో ఒక ఖాళీ. ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ ఖాళీలోంచే లోపలికి అడుగుపెట్టింది. వెనకాలే ఆమోసు గీత మీంచి దాటబోయాడు.

"గోడలోంచి వస్తావేం నాయనా? గుమ్మం కనపడలా?"

ఆమోసు పాతికేళ్ళుగా ముగ్గులు పోస్తున్నవాడు, ఎవరూ అలా అడగలేదు. కిక్కురుమనకుండా తిరిగి వెళ్ళి గుమ్మంలోంచి వచ్చాడు. పవన్‌కుమారూ బూట్లు విప్పి అలాగే వచ్చాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూడసాగారు. ఖాళీ స్థలంలో ఆరుగురు, లేని గోడలకి భుజం తగలకుండా ఒద్దికగా నడుస్తున్నారు.

"ఇది హాలు అత్తా" అన్నాడు డేనియల్, చేతులు బార్లా చాపి. "పాతికమంది పడతారు. నువ్వు ఇదిగో, ఇక్కడ, ఫ్యాను కింద."

"బాగుందిరా. కుర్చీ వేసుకుని నువ్వక్కడ కూర్చో. మిగతావాళ్ళు ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోండి. ఇల్లు ఎట్టా ఉంటదో చూద్దాం."

డేనియల్ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని హాలు మధ్యలో కూర్చున్నాడు. జెస్సికా పుస్తకం పట్టుకుని నిలబడిపోయింది.

"నువ్వెక్కడ చదువుకుంటావే?"

"సోఫాలో, అమ్మమ్మా."

"చుట్టాలొస్తే?"

"వాళ్ళు వెళ్ళాక."

"లూర్దూ, నీ మిషను ఎక్కడ?"

లూర్దుమేరీ మెట్ల కిందికి వెళ్ళి ఒక ఇటుక మీద కూర్చుంది. దానమ్మ మెట్లు ఎంత ఎత్తులో వస్తాయో అడిగి, పక్కనున్న చెక్కపలకని పవన్‌కుమార్, ఆమోసు చెరోవైపు ఆ ఎత్తున పట్టుకునేలా చేసింది. "ఇప్పుడు కుట్టు" అంది. లూర్దుమేరీ మిషను తొక్కుతున్నట్టు కాళ్ళాడించింది. దారం ఎక్కించబోయి తలెత్తితే పలక నెత్తికి తగిలింది. మెడ వంచితే గడ్డం మోకాళ్ళకి ఆనింది. చూస్తున్నవాళ్ళలో ఎవరో నవ్వారు. లూర్దుమేరీకీ నవ్వొచ్చింది. మరీ నవ్వొచ్చి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా కళ్ళు ఆరలేదు.

డేనియల్ కుర్చీలోంచి అది చూశాడు. అంత పెద్ద హాల్లో తనొక్కడే ఉన్నాడు. పెళ్ళాం పలక కింద ఉంది, కూతురు గోడవార నిలబడి ఉంది. బస్సులో అయితే విజిలేసి, 'ముందుకి జరగండి, ఖాళీ ఉంది' అని ఎప్పుడో అరిచేవాడు.

"ఇంతకీ ఈ హాలు ఎవరికిరా?" అంది దానమ్మ.

"మీకే అత్తా. అందరికీ."

"మేమొచ్చేది ఏడాదికి మూడు రోజులు. అందులో ఎక్కువసేపు కొండ మీదే ఉంటాం. మిగతా ఏడాదంతా ఇందులో ఎవరుంటారు?"

డేనియల్ మెట్ల కింద ఇటుక మీదున్న భార్య వైపు చూశాడు.

"మైలవరంలో మా మావగారు కట్టించిన ముందుగది గుర్తుందా? రెండు పందిరిమంచాలు, నిలువుటద్దం. చుట్టాల గది. పెళ్ళై వచ్చిన కాడ్నించి రోజూ ఊడ్చాను, దుప్పట్లు మార్చాను. ఒక యేడు నాకు టైఫాయిడ్ వచ్చింది. వంటింట్లో గోనెపట్టా మీద పడుకున్నా నెలరోజులు. ముందుగది ఖాళీగానే ఉంది. అక్కడ పడుకోమని ఎవరూ అనలా. మీ మావయ్య చెడ్డోడు కాదు, ఆయనకి తోచలా. అసలు చిత్రమేందంటే, నాకూ తోచలేదురా. అది నా ఇంట్లో గదే అని నాకే తెలవలా."

పవన్‌కుమార్ పలకని నెమ్మదిగా కింద పెట్టాడు.

"మరి నిన్ను షెడ్డులో పడుకోబెట్టాను గదత్తా" అన్నాడు డేనియల్. ఏడాదిగా దాచుకున్న మాట అది.

"నాకు బాగా నిద్రపట్టింది. ఆ స్కూటర్లు గురకపెట్టలేదు, మీ చల్లపల్లి బావ పెడతాడు. డాబా మీద షామియానా వేయించు, నీళ్ళ పంపు పెట్టించు. దుప్పట్లు మేం తెచ్చుకుంటాం. మాతని చూడ్డానికొచ్చేవాళ్ళం, మేం నీ గచ్చు కొలుచుకోడానికి రావట్లా."

డేనియల్ లేచాడు. కుర్చీ తీసి గీతల అవతల పెట్టాడు, గుమ్మంలోంచే వెళ్ళి మరీ. తిరిగొచ్చి, హాలు గీతని కాలితో చెరపడం మొదలుపెట్టాడు.

"అన్నా, పొద్దుటి నుంచి పోశానే" అన్నాడు ఆమోసు, ప్రాణం పోయినట్టు.

"మళ్ళీ పోద్దాం. బాబూ, నువ్వు మొదట గీసిన ప్లాను ఉందా?"

"ఫోన్లో ఉంది సార్. దాచానండి" అన్నాడు పవన్‌కుమార్, ఆశ వదులుకోనివాడిలా.

జెస్సికా గది గోడ మళ్ళీ లేచింది. వంటిల్లు ముందుకొచ్చింది. తూర్పు వైపు వచ్చేసరికి ఆమోసు తాడు పట్టుకుని ఆగాడు. డేనియల్ వైపు చూశాడు. డేనియల్ ముగ్గు డబ్బా తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టాడు.

"నాకేం తెలుసండీ, మీరే" అంటూ లూర్దుమేరీ వెనక్కి జరిగింది.

"నాకే తెలియదు లూర్దూ. నీ చెయ్యి ఎంతవరకు ఆడుతుందో నాకేం తెలుసు? నువ్వే గీత పొయ్యి."

ఆవిడ తూర్పుముఖంగా కూర్చుని, కుడిచెయ్యి చక్రం తిప్పుతున్నట్టు ఆడించి చూసుకుంది. ఎడమచేత్తో లేని గుడ్డని పరిచింది. అప్పుడు లేచి, వంగి, తెల్లటి గీత పోసుకుంటూ వెళ్ళింది. ప్లానులో ఉన్నచోట ఆగలేదు. ఇంకో అడుగున్నర ముందుకెళ్ళి, అప్పుడు ఆగింది.

"అమ్మా, అది హాలుని తినేస్తోంది" అన్నాడు ఆమోసు.

"తిననీవయ్యా" అన్నాడు డేనియల్. "ఇన్నాళ్ళూ నా హాలే ఆవిణ్ణి తింది."

దానమ్మ గడ్డపార అందుకుని ఆ గీత మీదే మొదటి పోటు వేసింది.

అయ్యా, అమ్మా, మన స్థలాలు చిన్నవైపోతున్నాయి, కుటుంబాలూ చిన్నవైపోతున్నాయి. ఇల్లు కట్టబోయేవాళ్ళందరికీ ఒక్క మనవి: మూడు రోజులు ఉండి వెళ్ళేవారికి ఎంత చోటు కావాలో లెక్కవేసే ముందు, మీ ఇంట్లో రోజంతా పనిచేసే మనిషిని పిలిచి, 'నీకెంత చోటు కావాలి?' అని ఒక్కసారి అడగండి, ఆవిడ 'మీ ఇష్టం' అంటే మళ్ళీ అడగండి.