వీధిలో మిగిలిన మేస్త్రి

ఫోను పగిలిన అద్దం అంచులో పల్చటి ప్లాస్టిక్ పుల్ల దూర్చి, వేడికి మెత్తబడ్డ జిగురుని మెల్లగా కోసుకుంటూ వస్తున్నాడు మేస్త్రి. ఊపిరి బిగబట్టాడు. ముప్పై ఏళ్లుగా అదే స్టూలు, అదే వంగిన వీపు. ఎడమ బొటనవేలి గోరు వేడికి ఎప్పుడో నల్లబడి, అట్లాగే ఉండిపోయింది.

బల్లకి అవతల టాక్సీ డ్రైవరు నుంచున్నాడు. వాడికి బేరాలన్నీ ఆ ఫోన్లోనే వస్తాయి మరి.

"పదకొండుకల్లా అయిపోతుందా అన్నా?"

"అవుతుందిలేవయ్యా. నా ప్రాణం తియ్యకు."

ఈ కొత్తరకం ఫోను చెయ్యలేకపోతే ఇంక కొట్టు మూసుకోవడమేనని మేస్త్రికి తెలుసు. జనం దగ్గర ఉన్నవన్నీ అవే.

ఒకప్పుడు ఆ వీధిలో పద్నాలుగు రిపేరు కొట్లు. ఒకడు వంద అంటే పక్కవాడు తొంభై అనేవాడు. పొద్దున తిట్టుకునేవాళ్లు, మధ్యాహ్నం ఒకడి సొరుగులోంచి ఇంకొకడు చెప్పకుండానే స్క్రీను తీసుకుపోయేవాడు. మళ్లీ తెచ్చి పెట్టేవాడనుకో. ఫోన్లు చేసే కంపెనీలూ అప్పుడు ఏడెనిమిది. ఒకటి తన ఫోను బయట రిపేరు కాకుండా బిగిస్తే జనం ఇంకోదానికి పోతారని ఏదీ బిగించేది కాదు. తర్వాత పెద్దది చిన్నవాటిని ఒక్కోటీ కొనేసింది. పోవడానికి ఇంకోటి లేకుండా పోయాక, అప్పుడు బిగించింది.

ఆ కంపెనీ స్క్రీను బయట దొరకదు. తియ్యడానికి పక్కవాడి సొరుగూ లేదు. అందుకని ఇంటికి పోయి, రిపేరుకని అబద్ధం చెప్పి భార్య ఫోను తెచ్చాడు. అదే కంపెనీ, అదే రకం. దాని స్క్రీను ఊడదీసి డ్రైవరు ఫోనుకి పెట్టాడు. భేషుగ్గా వెలిగింది. రెండు నిమిషాలకి అక్షరాలొచ్చాయి, ఈ భాగం ఈ ఫోనుది కాదని. ఆరిపోయింది.

"ఒక్క తల్లి పిల్లలే కదే మీరిద్దరూ!" అన్నాడు దానితో.

ఎదురుగా కంపెనీ సెంటరు. అందులో వాళ్లిచ్చిన నీలం చొక్కా వేసుకుని కూర్చున్నవాడు ఒకప్పుడు ఎదురుకొట్టువాడే. ఇరవై ఏళ్లు రేట్లు తగ్గించుకుని ఇద్దరూ కొట్టుకుచచ్చారు. మేస్త్రి రోడ్డు దాటి, రెండు ఫోన్లూ వాడి ముందు పెట్టాడు.

"బావా, మీ మిషన్లో ఒక్క మీట నొక్కు. ఈ స్క్రీనూ ఆ ఫోనూ కలుస్తాయి."

"మా దగ్గర కొన్న స్క్రీనైతేనే నొక్కనిస్తుంది బావా. ఆ డబ్బుకి కొత్త ఫోనే వస్తుంది, తీసుకోమను."

"నీకు చేతనవునా కాదా, అది చెప్పు."

వాడు చొక్కా గుండీ సవరించుకున్నాడు. "చేతులతో పనేముంది ఇక్కడ?"

"పోనీ, నాకూ ఒక చొక్కా ఇప్పించు."

"ఉన్న ఒక్కటీ నేనే వేసుకున్నా. గోడౌను కాపలాకి మనిషి కావాలంటున్నారు. చెప్పనా?"

మేస్త్రి ఫోన్లు తీసుకుని కొట్టుకొచ్చేశాడు. డ్రైవరు ఆ సెంటర్లోనే కొత్తది కొనుక్కుని, ఇటు చూడకుండా పోయాడు.

మధ్యాహ్నం భార్య అన్నం డబ్బాతో వచ్చేసరికి ఆమె స్క్రీను ఆమె ఫోనుకి బిగించేశాడు. వెలిగింది.

"ఏమైంది దీనికి?"

"ఏమీ కాలేదే. నేనే చెడగొట్టి నేనే బాగుచేశా."

అన్నం సగం తిని, చెయ్యి కడుక్కుని రోడ్డు దాటాడు. "చెప్పు బావా, రేపట్నుంచి వస్తానని," అన్నాడు. వెనక్కొచ్చి భార్య చేతికి డబ్బా ఇచ్చి, షట్టరు దించాడు.

లోపల బల్ల మీద, ఫోను బోర్డులు తుడిచే పాత పళ్లబ్రష్షు, కుచ్చు అరిగి ఒక పక్కకి ఒరిగినది. దానికి ఇంకా స్పిరిట్ తడి ఆరలేదు.