కుడిపైట

ఇస్త్రీపెట్టె మరీ వేడెక్కినప్పుడల్లా ప్లగ్గు పీకుతూ, గచ్చు మీద దుప్పటి పరిచి దేవి అత్తగారి చీరను ఇస్త్రీ చేస్తోంది. లేత గంధం రంగు చీర, ముట్టుకుంటేనే ముడతపడే రకం. నిన్న సాయంత్రం దేవి భర్త కోటి తెచ్చాడు. పెరట్లో అత్త పోతమ్మ చేపల వాసన పోవాలని నిమ్మచెక్కా ఉప్పూ వేసి చేతులు తోముకుంటోంది. తెల్లారినప్పటి నుంచి ఇది మూడోసారి.

పెళ్లి రాధది. కాలనీలో పోతమ్మ ఇరవై ఏళ్లుగా చేపలు వేసే ఇంటి పిల్ల. చిన్నప్పుడు పోతమ్మ బుట్ట దించడమే ఆలస్యం, పరుగెత్తుకొచ్చి చందువా చేప కన్ను వేలితో నొక్కి చూసేది. మొన్న రాధ తల్లి గేటు దగ్గరే బుట్ట దింపించి, పోతమ్మ నుదుట బొట్టు పెట్టి మరీ పిలిచింది. ఆ రాధ తండ్రి అర్జునరావే పరవాడ మందుల కంపెనీలో కోటికి మేనేజరు. ఆఫీసులో కోటికి వేరే శుభలేఖ అందింది.

కోటి పోతమ్మ కొడుకని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉద్యోగం వచ్చిన రోజే, చెప్పనని తల్లి చేత ఒట్టు వేయించుకున్నాడు కోటి. నాలుగేళ్లయింది. పెళ్లై వచ్చాక ఆ సంగతి తెలిసిన దేవికి కడుపు మండింది. కానీ కొత్తకోడలు, ఏమనగలదు?

కోటి దువ్వెనతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దేవీ, అమ్మకి ఎడమేపు పైట యెయ్యి. పిన్నులు గట్టిగా ఎట్టు. ఆ కుడిపైట సూత్తే సాలు, ఏ పేటోళ్లో తెలిసిపోద్ది."

జాలరిపేటలో పెద్దాళ్లందరిదీ కుడిపైటే. దేవి వయసువాళ్లు ఎడమకి మారారు. పోతమ్మ మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచి కుడి భుజం మీదే కొంగు వేసుకుంది.

"నా కొంగు ఎటుంటే నీకేటిరా?" పోతమ్మ చేతులు తుడుచుకుంటూ నవ్వింది. "పెళ్లికొడుకు అది సూసి తాళి కట్టనని లేసిపోతాడేటి?"

"ఆఫీసర్లొత్తారమా అక్కడికి."

"రానీ. ఆళ్లు సేపలు తినరా? ముల్లు గుచ్చుకుంటే ఏడవరా?"

అంది గానీ, కొడుకు ముఖం చూసి మెత్తబడింది. కట్టమన్నట్టు కోడలి ముందు నిలబడింది.

దేవి కుచ్చిళ్లు పెట్టి, కొంగు ఎడమకి వేసి, ఆరు పిన్నులు గుచ్చింది. పోతమ్మ నాలుగడుగులు వేసింది. లేని కొంగు సర్దుకోడానికి చెయ్యి మాటిమాటికీ కుడి భుజానికే పోతోంది.

"ఆ నడకేటమా? నెత్తిన బుట్టున్నట్టు!" కోటి విసుక్కున్నాడు. "ఇంకో మాట. అక్కడ నాను నీ పక్కన కూకోను. ఎవులైనా అడిగితే దేవికి దూరపు సుట్టాన్నని సెప్పు."

చేతిలో మిగిలిన పిన్నును అతని నాలుకకి గుచ్చాలనిపించింది దేవికి.

పోతమ్మ కోడలి వైపు తిరిగింది. "అమ్మీ, పిన్నులు తీసీ" అంది.

"ముట్టుకోకు దేవీ!" కోటి అరిచాడు.

దేవి ఆరూ తీసింది.

పోతమ్మ గంధం చీర విప్పి మంచం మీదికి విసిరింది. పెట్టెలోంచి తన ఎర్రంచు ఆకుపచ్చ చీర తీసి, గదిలోకి పోయి కట్టుకుని, కొంగు కుడి భుజం మీదుగా లాగి నడుముకి బిగించి బయటికొచ్చింది.

"ఒరే కోటిగా! నాకు బొట్టెట్టి పిలిసినార్రా. నీకు బల్ల మీద కార్డు పడేసినారు. ఎవులు ఎవులికి సుట్టమో ఆ పందిట్లోనే సెప్తాను. ఒట్టూ లేదు, గిట్టూ లేదు."

"ఎందుకమా గోల? ఇరుగుపొరుగు ఇంటన్నారు."

"ఇననీ! వంజరం సేప కోత్తన్నాను, ఇన్నేళ్లకి ఆ రాధోళ్లమ్మ నీకు పిల్లలెంతమందే పోతమ్మా అంది. లేరమ్మా అన్నాన్రా! నిన్ను కన్నదాన్ని, నా నోటితోనే నాకు పిల్లల్లేరన్నాను. ఆ తల్లి అయ్యోపాపమని నాకు కాఫీ ఇచ్చింది. అది తాగినాన్రా నాను!"

ఈ సంగతి దేవికి ఇప్పటిదాకా తెలియదు. కోటికి తెలుసో తెలియదో, అతను దువ్వెన పళ్ల వైపు చూస్తున్నాడు.

పోతమ్మ చెప్పులేసుకుని తిట్టుకుంటూనే మెట్లు దిగింది. సందు పొడవునా ఆమె గొంతు వినిపించింది. సందు చివర ఆటోవాణ్ని కూడా అదే గొంతుతో ఆపింది.

"సూసినావా? నా ఉద్యోగం తీసీదాకా ఊరుకోదు." కోటి బండి తాళం అందుకున్నాడు. "ఆ ఆటో కంటే మనవే ముందెళ్లాల. మా దూరపు సుట్టం పోతమ్మకి మతి సరిగ్గా ఉండదని రాధ వాళ్లమ్మకి నువ్వే ఓ మాట సెప్పు. ఆడోళ్లు సెప్తే నమ్ముతారు. బండెక్కు."

దేవి అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే అంటున్నాడు.

"ఏటలా సూత్తావు? బేగి రా!"

దేవి చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, బండిని దాటుకుని, అత్త ఆపిన ఆటో వైపు నడిచింది.