తువ్వాలు కింద రెండు వేళ్లు

రేడియేటరులో నీళ్లు పోసి, మూత బిగించి, బుచ్చయ్య పాత జీపు హ్యాండిల్ రెండుసార్లు తిప్పాడు. మూడోసారికి గానీ అది పలకలేదు. మామిడి వ్యాపారి లక్ష్మీనరసింహారావు దగ్గర ఇరవై రెండేళ్లుగా అతనికి తెల్లవారడం ఇలాగే. షావుకారుకి డ్రైవింగు రాదు. బుచ్చయ్యకి డ్రైవింగు తప్ప ఇంకేమీ రాదు. ఇద్దరికీ అలా జరిగిపోయింది.

ఇవాళ దాన్ని ఇచ్చేసి ఇంకోటి తీసుకోవాలి. హనుమాన్ జంక్షన్‌లో బ్రోకరు దశరథరామయ్య రెండు వాడిన బండ్లు నిలబెట్టాడు. ఒకటి డీజిల్ జీపు, ఒకటి జిప్సీ. జిప్సీ పద్నాలుగు వేలు ఎక్కువ, పైగా తాగేది పెట్రోలు. షావుకారు మొహం అక్కడే ముడుచుకుంది. వెంట వచ్చిన కూతురు హైమవతి మొహం మాత్రం విచ్చుకుంది. బెజవాడలో కారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న పిల్ల, తోటలు ఇక తనే చూసుకుంటానంటోంది.

"బుచ్చయ్యా, రెండూ తోలి చూడు" అన్నాడు షావుకారు.

బుచ్చయ్యది మామిడివాళ్ల పరీక్ష. పండిన చిన్నరసాల బుట్ట వెనక పెట్టుకుని, గతుకుల తోటబాటలో రెండు మైళ్లు పోయి వచ్చాడు. జీపులో పదకొండు పళ్లు నలిగాయి. ఇంకో బుట్టతో జిప్సీలో వెళ్తే నాలుగే. ఇసుకలో దీనికి నాలుగు చక్రాలూ లాగాయి. స్టీరింగు ఒంటిచేత్తో తిరిగింది. ఆ సుఖానికే అతని గుండెల్లో రాయి పడింది. జీపు తిప్పాలంటే భుజాలు కావాలి, అంటే బుచ్చయ్య కావాలి. దీన్ని హైమవతే తిప్పేస్తుంది. ఆపైన యాభై ఏళ్ల డ్రైవరు ఎవరికి కావాలి?

తిరిగొచ్చేసరికి షావుకారు చేతి మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. మామిడి బేరంలో ధర బయటపడకుండా తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. బ్రోకరు ఎదుట డ్రైవరు మాట కూడా ఆయన అలాగే అడుగుతాడు. ఒక వేలు నొక్కితే జీపు, రెండు నొక్కితే జిప్సీ.

ఒక్క వేలు చాలు. ఎవరూ తప్పు పట్టరు, డబ్బు మిగిలిందని షావుకారు సంతోషిస్తాడు కూడా. బుచ్చయ్యకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఆ తువ్వాలు కింద ఇన్నేళ్లలో అతను అబద్ధం నొక్కి ఎరగడు. రెండు వేళ్లు నొక్కాడు.

షావుకారు నమ్మలేక చెయ్యి మళ్లీ చాపాడు. మళ్లీ రెండే.

నూజివీడు దాకా హైమవతే నడిపింది. పక్కన కూర్చుని బుచ్చయ్య గేర్లు చెప్పాడు. సగం దారి దాటాక చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

ఇంటి గేటు దగ్గర దిగాక షావుకారు గొంతు సవరించుకున్నాడు. "తోటలో కాపలాకి ఉండరాదూ? జీతం అదే ఇస్తాలే."

"చెట్టు కింద కూచోలేనండీ. జంక్షన్‌లో లారీవాళ్లని అడుగుతాను."

"ఈ మాట ముందే అంటే జీపే కొనేవాణ్ణి కదయ్యా!"

"మీరడిగింది బండి సంగతి కదండీ."

దణ్ణం పెట్టి, బుచ్చయ్య బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు బండి తుడుస్తుంటే డ్రైవరు సీటు కింద హైమవతి చేతికి అతని తోలు చెప్పులు తగిలాయి. తోలేటప్పుడు విప్పి పెట్టుకునేవాడు; నిన్న జిప్సీ తోలి చూసినప్పుడు విప్పినవి అక్కడే ఉండిపోయాయి. పట్టీలు రంగు పోయి, మడమల దగ్గర తోలు ముడతలు పడి, తొమ్మిదేళ్ల నాటివి. అడుగులు మాత్రం అరగనే లేదు.